చర్మమను గోడ, దాని గార

నాట్లు ముగిసిన వారములో కూలి స్త్రీల పాదములను చూచిన పంచాయతీ సభ్యులకు మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. మడమలు బీటలు వారియుండును. వేళ్ల సందులు పుండ్లయియుండును. సిమెంటు పనివారి చేతులును, పారిశుధ్య కార్మికుల చేతులును అట్లే పగులును. ఇది అందమునకు సంబంధించిన విషయమని త్రోసివేయరాదు. ఆ బీటలగుండా క్రిములు లోనికి పోవును. మధుమేహము గలవారికి మడమ పగులు ముదిరి కాలికే ముప్పు తెచ్చుటయు కలదు.

అరచేతులలో, అరికాళ్లలో తప్ప, చర్మపు పైపొర వార్తాపత్రిక కాగితముకంటెను పలుచన. అయినను ఒంటిలోని నీటిని బయటికి పోనీయక, బయటి క్రిములను లోనికి రానీయక కాచునది అదియే. అందలి మృతకణములు ఇటుకలవంటివి. వాని నడుమనున్న కొవ్వు గారవంటిది. అమెరికా చర్మవైద్యుడు పీటర్ ఎలియాస్ 1980 దశకములో ఈ పోలికను ప్రచారములోనికి తెచ్చెను. గారలోని ముఖ్యమైన దినుసులు మూడు: సెరమైడులు, కొలెస్టరాలు, కొవ్వు ఆమ్లములు. తూకమున సుమారు సగము సెరమైడులే. కొలెస్టరాలు అనగానే గుండెజబ్బు గుర్తుకు వచ్చును గాని, అది లేనిదే చర్మమునకు సాగదు.

సబ్బు మురికితోపాటు ఈ కొవ్వునుకూడ కొంత కడిగివేయును. తడి సిమెంటులోని క్షారము ఇంకను హెచ్చుగా చెరచును.

పెట్రోలియం జెల్లీ చర్మముపై కప్పువలె నిలిచి, నీరు ఆవిరికాకుండ ఆపును. ఆలోగా చర్మము తన గారను తానే సిద్ధపరచుకొనును. సెరమైడు లేపనములు గార దినుసులనే అందించును. కాని ఇందొక మెలిక కలదు. ఎలియాస్ బృందము 1990 దశకములో జరిపిన పరీక్షలలో, మూడింటిలో ఒకటి రెండు మాత్రమే పూసినపుడు చర్మము కోలుకొనుట ఆలస్యమయ్యెను. మూడును తగుపాళ్లలో కలిపి పూసినపుడు సవ్యముగా కోలుకొనెను. సున్నమొక్కటియే పోసి గోడ కట్టు మేస్త్రీ ఎవడును లేడు గదా! కావున డబ్బాపై సెరమైడు అను పేరు చూచినంతనే వందల రూపాయలు వ్యయపరచుట తగదని మా అభిప్రాయము.

నూనెలన్నియు ఒక్కటి కావు. ఢాకా శిశు వైద్యశాలలో నెలలు నిండక పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె పూయగా, వైద్యశాలలో సోకు అంటురోగములు 41 శాతము తగ్గినట్లు 2005లో ప్రకటించిరి. అందలి లినోలిక్ ఆమ్లము సెరమైడుల తయారీకి పనికివచ్చును. ఆవనూనె మాత్రము చిట్టెలుకల చర్మముపై మరమ్మతును ఆలస్యము చేసెను. ఢాకాలో పూసినది వైద్యుల పర్యవేక్షణలో. అట్టి బిడ్డలకు ఇంటిలో ఏమి పూయవలెనన్నను వైద్యుని అడుగవలెను.

పుట్టిన బిడ్డ ఒంటిపైనుండు తెల్లని జిగటలో ఈ మూడు కొవ్వులును కలవు. సున్నిపిండితో దానిని రుద్దివేయుట మన యిండ్లలో వాడుక. తొలిస్నానము 24 గంటలు ఆగి చేయించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆశా కార్యకర్తచేత ఈ మాట అవ్వలకు చెప్పించుడు. కోడండ్రకు చెప్పినంతమాత్రమున పని జరుగదు.

పారిశుధ్య కార్మికులకు చేతితొడుగులతోపాటు ఒక జెల్లీ డబ్బా కూడ ఇప్పించుడు. చేతులు, కాళ్లు కడుగుకొనిన వెంటనే, తడి పూర్తిగా ఆరకమునుపే పూసికొనవలెను. వేళ్ల సందులు మాత్రము పొడిగా తుడుచుకొనవలెను. చీము కారు పగుళ్లకు, మధుమేహము గలవారి పగుళ్లకు ఇది చాలదు. వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను.