మచ్చు లేనివాని మొదటి మచ్చు

గుప్పెడు గింజలు అరచేతిలో పోసి చూపనిదే బస్తా బేరము కుదరదు. బట్టల కొట్టులోనైనను తాను విప్పి పరచినగాని కొనవచ్చినవాడు ధర అడుగడు. మచ్చు చూపుట వర్తకుల ఇంట పుట్టినవారికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అయితే సరుకు కంటికి కానరాని వృత్తులు కొన్ని కలవు. అనువాదము, లెక్కలు వ్రాయుట, ప్రకటనల చిత్రములు గీయుట అట్టివి. ఒకరి కొలువులో చేరక, ఏ పనికి ఆ పని మాటాడుకొని చేయుటను ఇప్పుడు ఫ్రీలాన్స్ అనుచున్నారు. చేసిన పనుల మచ్చులను కూర్చిన కట్టకు పోర్ట్‌ఫోలియో అని పేరు. పని చేసియుండిననే మచ్చు, మచ్చు ఉండిననే పని. క్రొత్తవాడు ఈ రెంటి నడుమ చిక్కుకొనును. ఈ చిక్కు ఎట్లు విడునో అనువాదమును ఉదాహరణముగ తీసికొని చూడవచ్చును.

అనువాదమునే ఎంచుకొనుటకు కారణము లేకపోలేదు. కర్ణాటకము, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలో తరతరములుగ నిలిచిన తెలుగు కుటుంబములకు ఇంటి భాష ఒకటి, అంగడి భాష వేరొకటి. ఒక్క దుకాణములో అన్నదమ్ములందరికిని చోటు చాలని ఇండ్లలోను, పెండ్లియై వేరు ఊరు చేరిన ఆడపిల్లల విషయములోను ఈ రెండు భాషల తెలివి వట్టి మాటల తెలివిగనే మిగిలిపోవుచున్నది. అది నాలుగు రూకలు తెచ్చు విద్యయని చాలమందికి తోచదు.

మొదట తేల్చుకొనవలసినది, ఏ భాషనుండి ఏ భాషలోనికి అనునది. ఇచట మొగమాటము పనికిరాదు. కన్నడ బడిలో చదివిన పిల్లవాడు అవ్వతో తెలుగు చక్కగ మాటాడును. తెలుగున పది పంక్తులు వ్రాయుమన్న తడబడును. అట్టివాడు తెలుగునుండి కన్నడములోనికి చేయుటయే న్యాయము. చేయి తిరిగిన భాషలోనికి అనువదించుట ఈ వృత్తిలో సాధారణ నియమము.

తరువాతి ప్రశ్న మచ్చునకు మూలము ఏది అని. దొరికిన కథనెల్ల అనువదించి పదిమందికి చూపరాదు. 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము అనువాదపు హక్కు మూలకర్తదే. రచయిత జీవితకాలమును, మరణించిన తరువాత 60 సంవత్సరములును ఆ హక్కు నిలుచును. (మొదట ఇది 50 సంవత్సరములే. 1941లో గతించిన రవీంద్రనాథ ఠాకూరు రచనలకు గడువు తీరినపుడు, 1992లో దానిని పొడిగించిరి.) గడువు తీరిన మంచి రచనలకు కొదువ లేదు. ఒడిశాలోనివారికి ఫకీర్ మోహన్ సేనాపతి (మరణము 1918), మహారాష్ట్రములోనివారికి హరి నారాయణ ఆప్టే (1919), కర్ణాటకములో బి. ఎం. శ్రీకంఠయ్య (1946), తమిళనాట సుబ్రహ్మణ్య భారతి (1921) కలరు. యానాములో ఫ్రెంచి నేర్చినవారికి మొపాసా (1893) ఉన్నాడు. తెలుగునుండి ఇతర భాషలలోనికి చేయువారు గురజాడను (1915), వీరేశలింగమును (1919) చేపట్టవచ్చును.

కాని పని ఇచ్చువారిలో కథలు కోరువారు తక్కువ. వారికి కావలసినవి సరుకు వివరములు, వాడుక విధానములు, ఒప్పందపు షరతులు, ప్రకటనలు, దుకాణపు పలకలు. కర్ణాటకములో 2024 నాటి సవరణచేత దుకాణపు పలకపై 60 శాతము కన్నడముండవలెనని విధించిరి. ఇటువంటి నియమము వచ్చినపుడెల్ల వ్రాయువారికి పని పుట్టును. కాబట్టి మచ్చు కట్టలో కథాభాగము ఒకటి చాలును. మిగిలిన మూడో నాలుగో వ్యాపార విషయములై ఉండవలెను. మూలము తానే కల్పించి వ్రాసికొనిన హక్కుల తగాదా ఉండదు: ఊహించిన పప్పుల కొట్టునకు ధరల పట్టిక, సరుకు వాపసు తీసికొను షరతులు, ఆలస్యమైన పార్సెలును గూర్చి ఒక జాబు.

ఒక్కొక్క మచ్చు ఒక్క పుటకు మించరాదు. ఎడమ ప్రక్క మూలము, కుడి ప్రక్క అనువాదము ఉంచి, క్రింద రెండు మూడు పంక్తులలో ఏ మాట ఎందుకట్లు మార్చెనో వ్రాయవలెను. పనివాని తెలివి కనబడునది ఈ క్రింది పంక్తులలోనే. ఇరుగుపొరుగు భాషలలో ఒకే రూపముతో వేరు అర్థమిచ్చు మాటలు మెండు. తెలుగున “అవసరము” అనగా కావలసియుండుట. అదే మాటకు కన్నడమునను తమిళమునను తొందర అని అర్థము. “అవసరముగ పంపుడు” అను తమిళ వర్తకుని జాబును తెలుగులో అట్లే ఉంచినచో, త్వరగా పంపవలసిన సరుకు ఎపుడో వీలైనపుడు బయలుదేరును. ఒడియాలో “ఉపన్యాసము” నవల, తెలుగున ప్రసంగము. మరాఠీవారి “ప్రపంచము” సంసారము, గృహస్థు జీవనము. మన ప్రపంచము లోకమంతయు. ఇంట రెండు భాషలు విన్నవారు ఈ తేడాలు పుస్తకము లేకయే పట్టుకొందురు.

ఇప్పుడు యంత్రములును క్షణములో అనువదించుచున్నవి. చిత్తు యంత్రము చేయగా దిద్దుటకు మనిషిని పిలుచు పనులు పెరుగుచున్నవి. అందుచేత యంత్రము ఇచ్చిన చిత్తును, దానిని దిద్దిన తీరును ప్రక్కప్రక్కన చూపు మచ్చు ఒకటి చేర్చుట మంచిది. యంత్రము చేసినదానిని తన పనియని చూపుట మాత్రము కల్తీ సరుకు అమ్ముటయే.

ఇంటి దుకాణమే మొదటి ఖాతాదారు కావచ్చును. అందు తప్పు లేదు. నాన్నగారి కొట్టు పలకయో, బాబాయిగారి సరుకుల పట్టికయో నిజముగ వాడుకలోనికి వచ్చినచో అది అభ్యాసము కంటె బరువైన మచ్చు. అయితే అది బంధువుల సంస్థయని మచ్చుపై వ్రాయవలెను. దాచిన సంగతి తరువాత బయటపడినచో మిగిలిన మచ్చులను కూడ నమ్మరు. ఇంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. లెక్కల పనికి మచ్చు కావలెనని కొందరు పిల్లలు కొట్టు ఖాతాల పుటలనే ఫోటో తీసి అపరిచితులకు పంపుదురు. అందులో ఎవరికెంత బాకీయో, ఏ సరుకు ఏ ధరకు దిగినదో అంతయు ఉండును. బాకీదారుని పేరు బజారున పడినచో ఇంటి పరపతి పోవును. పేర్లు, అంకెలు అన్నియు కల్పించి క్రొత్త పుట వ్రాసి చూపుటయే సరి.

కట్టలోని ప్రతి మచ్చుపై “అభ్యాసము” అనియో, “కోరిన మీద చేసినది” అనియో స్పష్టముగ ఉండవలెను. అభ్యాసమని చెప్పుట చిన్నతనము కాదు. పని ఇచ్చువాడు చూచునది వాక్యమునే. లేని సంస్థ పేరు చెప్పి ఆ పని చేసితిననువాడు మాత్రము ఒక్క విచారణతో దొరకిపోవును.

ఉచిత పనిని గూర్చి ఒక మాట. పరీక్షకని రెండు మూడు వందల మాటల భాగమును ఇచ్చుట వాడుక, అంతవరకు చేయవచ్చును. పరీక్ష పేర ఇరువది పుటలు పంపువారు పరీక్షింపదలచినవారు కారు. ధర సాధారణముగ మాటకింత అని ఉండును. ఇంగ్లీషునుండి తెలుగు చేయునపుడు మూలములోని మాటలనే లెక్కింపవలెనని ముందే చెప్పుకొనుట మేలు. తెలుగున ప్రత్యయములు మాటకు అంటుకొనుటచేత అనువాదములో లెక్క తగ్గును, కూలియు తగ్గును.

పని ఒప్పుకొనునపుడు హక్కు సంగతి కాగితముపై ఉండవలెను. కొలువు కాని పనిలో అనువాదముపై మొదటి హక్కు అనువాదకునిదే. దానిని మరియొకరికి ఇచ్చుటకు సంతకముతో కూడిన వ్రాత కావలెనని చట్టము చెప్పుచున్నది. హక్కంతయు వ్రాసి ఇచ్చిన తరువాత అనుమతి లేనిదే ఆ పనిని మచ్చుగ చూపుట చిక్కు తెచ్చును. “ఇందులో ఒక పుటను మచ్చుగ చూపుకొనవచ్చును” అను ఒక్క పంక్తి ఒప్పందములో చేర్పించిన చాలును. చాలమంది అడిగిన కాదనరు. వారు కాదన్నచో ఆ పనికి సొమ్ము మాత్రమే దక్కును. కట్టలో పాత అభ్యాసపు పుటయే మరికొన్నాళ్లు నిలుచును. నిజపు పని ఒకటి చేరినపుడెల్ల అభ్యాసపు పుట ఒకటి తీసివేయుచు రావలెను.