ఇంటిపట్టున పాదసంరక్షణము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతు తన యెద్దు కుంటిన యెడల వెంటనే కాడి దింపి గిట్ట నెత్తి చూచును. తన కాలిలో ముల్లు విరిగినచో మాత్రము రేపు చూచుకొందమని పనిలోనికి పోవును. ఎద్దు పోయిన సంఘపు అప్పుతోనైనను మరియొక దానిని కొనవచ్చును. పాదము పోయిన నేమి చేయగలము? ప్రత్తి తీత ముగిసి మనము ఇంటిపట్టున నుండు దినములలో ఈ విషయము కొంత విచారింతము.

ఇంటిలోని జాగ్రత్తచేత కాలిజబ్బులు తొలగుట మన పెద్దలెఱిగినదే. దిగుడుబావుల నీటిచే వ్యాపించి, చీలమండ యొద్ద పుండై, దారమువంటి పురుగుగా వెలువడెడి నారికురుపు రాయలసీమను చిరకాలము బాధించినది. త్రాగునీటిని బట్టతో వడగట్టుట, బావులను బాగుచేయుట మొదలైన పనులచే అది తగ్గి, 1996 తరువాత దేశమున నెచ్చటను కానరాలేదు. 2000లో భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను.

మన నల్లరేగడి ఎండకు నెఱ్ఱెలు విచ్చినట్లే మడమలును విచ్చును. తడి లేక మందమైన చర్మము, దేహభారమునకు ప్రక్కలకు సాగి పగులును. ఆ పగుళ్ళలో మట్టి, పేడ చేరుట ప్రమాదకరము. ధనుర్వాతపు క్రిములు ఆ రెంటియందును ఉండును. రాత్రి గోరువెచ్చని నీటిలో పది నిమిషములు పాదముల నుంచి, నునుపురాతితో మెల్లగా రుద్ది, తుడిచి, ఆముదమో కొబ్బరినూనెయో పూయవలెను. వ్రేళ్ళ సందులలో నూనె పూయరాదు. అచ్చట తడి నిలిచిన చర్మము ఒఱసి చెడును. బ్లేడుతో చర్మమును కోయుట, గాయముపై పేడ, బూడిద, పొగాకు అద్దుట పూర్తిగా మానవలెను. ప్రత్తి మోడు లోతుగా గ్రుచ్చుకొన్నచో సబ్బునీటితో కడిగి, ఆనాడే వైద్యశాలకు పోయి ధనుర్వాతపు టీకా మాట అడుగవలెను.

చీలమండ బెణికినపుడు మనవారు వెంటనే గట్టిగా తోమి లాగుదురు. ఇది వాపును హెచ్చించును. మొదటి రెండు దినములు చల్లని తడిగుడ్డ వేసి, కాలిని దిండ్లపై గుండెకంటె ఎత్తున నుంచి, వ్రేళ్ళు తిమ్మిరెక్కనంత బిగువుగా కట్టు కట్టవలెను. నాలుగడుగులైనను వేయలేనిచో, లేక ఎముకపై నొక్కిన చోటనే తీవ్రమైన నొప్పి యున్నచో ఎక్స్‌రే తీయింపవలెను. వాపు దిగిన పిదప బొటనవ్రేలితో గాలిలో అ ఆ లు వ్రాయుట మంచి వ్యాయామము. మనుమలతో కూడి చేసినచో విసుగుండదు.

ఇంటనే పనిచేయు చేనేతవారి కష్టము వేఱు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘముచే పేరొందిన ఎమ్మిగనూరులో గుంటమగ్గపు పని యెట్టిదో చెప్పనక్కఱలేదు. కాళ్ళు దినమెల్ల గుంటలో వ్రేలాడుటచే సాయంకాలమునకు చీలమండలు ఉబ్బును. గంటకొకమాఱు లేచి నడచుట, రాత్రి కాళ్ళెత్తి పరుండుట మేలు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా నుండిన వైద్యునకు చూపవలెను.

అన్నిటికంటె భయంకరమైనది నొప్పి తెలియని కాలు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు కుష్ఠరోగులను పరీక్షించి, వారి వ్రేళ్ళు పాడగుటకు ముఖ్యకారణము స్పర్శ లేక మఱల మఱల తగిలెడి గాయములే యని గ్రహించెను. మధుమేహమునందును చాలమందికి ఇదే జరుగును. చెప్పులో రాయి యున్నను తెలియదు. పుండు ఎముకకు దిగువఱకు తెలియదు. తుదకు కాలు తీయవలసి వచ్చును. నొప్పి లేదుగదా యని ఊరకుండుటయే ఇచ్చట కొంప ముంచును.

కావున చక్కెరజబ్బు గలవారు ప్రతిరాత్రియు దీపము వెలుతురున అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము క్రింద నుంచుకొనవచ్చును, లేదా కోడలికో మనుమనికో చూపవచ్చును. ఇందు సిగ్గుపడవలసినది లేదు. ఇంటిలోనైనను చెప్పులు తొడుగవలెను, తొడుగుటకు ముందు వానిని దులుపవలెను. నీటి వేడిని పాదముతో గాక మోచేతితో పరీక్షింపవలెను. ఎఱుపు, వేడి, దుర్వాసన, చీము కనబడినచో మఱునాడు సంత యున్నను, సంఘపు సమావేశ మున్నను, ముందు వైద్యశాలకే పోవలెను.