ఓడ మీద పోస్టాఫీసు

ఇంటికి ఉత్తరం వస్తే మనం ఏం చేస్తాం? కవరు చింపుతాం. ఉత్తరం చదువుతాం. కవరును పొయ్యిలో వేస్తాం, లేదా పిల్లల చేతికి ఇస్తాం. ఆ కవరు మీద నల్లటి ముద్ర ఒకటి ఉంటుంది. చాలాసార్లు గుండ్రంగా ఉంటుంది. దాన్ని తపాలా ముద్ర అంటారు. ఒకసారి వాడిన బిళ్ళను మళ్ళీ వాడకుండా ఆ ముద్ర కొడతారు. అందులో పోస్టాఫీసు పేరు ఉంటుంది. తేదీ కూడా ఉంటుంది.

ఈ ముద్రల కోసమే కవర్లు దాచుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొందరికి ఊళ్ళ ముద్రలు అక్కరలేదు. ఓడల ముద్రలే కావాలి! యుద్ధ ఓడలవే కాదు, వాటికి తిండీ చమురూ మోసుకుపోయే సరుకుల ఓడల ముద్రలు కూడా ఏరుకుంటారు.

సరుకుల ఓడ అంటే ఏమిటి? నౌకాదళం ఓడలు వారాల తరబడి సముద్రం మీదే తిరుగుతాయి. ఒక్కో ఓడలో వందలమంది ఉంటారు. వాళ్ళకు తిండి కావాలి, మందులు కావాలి. ఓడకు చమురు కావాలి. నడిసముద్రంలో అంగడి ఎక్కడుంది? అందుకే సరుకుల ఓడ వాళ్ళ దగ్గరికే పోతుంది. రెండు ఓడలూ ఆగవు. పక్కపక్కనే ఒకే వేగంతో నడుస్తుంటాయి. మధ్యలో మోకులు కడతారు, లావుపాటి గొట్టం వేస్తారు. గొట్టంలో చమురు పోతుంది. మోకు మీద మూటలు పోతాయి. ఆ మూటల్లో ఉత్తరాల సంచి కూడా ఉంటుంది. మన విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళంలో ‘శక్తి’ అనే ఓడ ఇలాంటిదే. అది 2011లో దళంలో చేరింది.

అమెరికాలో 1908లో ఒక చట్టం వచ్చింది. అప్పటినుంచి వాళ్ళ నౌకాదళం ఓడల మీదే పోస్టాఫీసులు పెట్టారు. నావికుల్లోనే ఒకరు పోస్టు గుమాస్తా. ముద్రలో ఊరి పేరు ఉండాల్సిన చోట ఓడ పేరు ఉండేది. ‘బ్రిడ్జ్’ అనే సరుకుల ఓడ 1917 నుంచి 1946 దాకా పనిచేసింది. బ్రిడ్జ్ అంటే ఇక్కడ వంతెన కాదు, ఒక మనిషి పేరు. ఆ నౌకాదళానికి తిండీ బట్టా సమకూర్చే శాఖను ఎన్నో ఏళ్ళు నడిపిన అధికారి ఆయన.

ముద్రలు ఏరుకునేవాళ్ళు ఏం చేసేవారంటే, ఖాళీ కవరు మీద తమ చిరునామానే రాసుకునేవారు. బిళ్ళ అంటించేవారు. దాన్ని ఇంకో కవరులో పెట్టి ఓడలోని గుమాస్తాకు పంపేవారు. ‘అయ్యా, దీనిమీద మీ ముద్ర కొట్టి పంపండి’ అని చీటీ పెట్టేవారు. కొన్ని వారాలకు ఆ కవరు తిరిగి ఇంటికి వచ్చేది. చాలాసార్లు లోపల ఉత్తరమే ఉండదు! మనకు నవ్వొస్తుంది గానీ, వాళ్ళకు కావలసింది పైన ముద్రే. 1932లో వాళ్ళు ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. అప్పట్లో అమెరికాలో ఉత్తరం బిళ్ళ 3 సెంట్లు. పేదవాళ్ళు కూడా పెట్టగలిగిన ఖర్చే.

గుండ్రని ముద్ర పక్కన అడ్డగీతలు ఉండేవి. కొన్నిసార్లు ఆ గీతల మధ్య రేవు పేరు పెట్టేవారు. అంటే ఓడ ఏ రోజు ఏ రేవులో ఉందో కవరు చూసి చెప్పొచ్చు.

అదే యుద్ధంలో ప్రమాదమైంది. 1941 డిసెంబరులో జపాను విమానాలు పెర్ల్ హార్బర్ రేవు మీద బాంబులు వేశాయి. అమెరికా యుద్ధంలో దిగింది. కవరు శత్రువు చేతిలో పడితే? చదవడం వచ్చినవాడికి ఓడ జాడ దొరికిపోతుంది. అందుకని ముద్రల్లోంచి ఓడల పేర్లు తీసేశారు. అమెరికా నౌకాదళం అని మాత్రమే ఉండేది. అధికారులు నావికుల ఉత్తరాలు చదివి, చోటు తెలిపే మాటలుంటే బ్లేడుతో కోసేసేవారు. ఇంటిదగ్గర తల్లికి చిల్లులు పడిన ఉత్తరం అందేది. కొడుకు ఎక్కడున్నాడో తెలియదు. చిరునామాలో శాన్‌ఫ్రాన్సిస్కో అని ఉంటే పసిఫిక్ వైపు, న్యూయార్కు అని ఉంటే అట్లాంటిక్ వైపు అని అనుకోవడమే. 1942 నుంచి నావికులు బిళ్ళ అంటించకుండా ఆ చోట ‘ఫ్రీ’ అని చేత్తో రాసి ఉత్తరం వేసేవారు.

అట్లాంటి కవరు ఇవాళ దొరికితే ఎలా గుర్తుపడతారు? ముద్రలో తేదీ ఉంటుంది. పంపినవాడి పేరు, ఓడ పేరు మూలన రాసి ఉంటాయి. రెండూ కలిపితే సంగతి తెలుస్తుంది. మూల చిరిగిందా, ఓడ పేరు పోయినట్టే. అందుకే బిళ్ళ కోసం కవరు కత్తిరించకూడదు.

మన ఇళ్ళల్లో పాత ఉత్తరాలను ఇనుప తీగెకు గుచ్చుతాం. తీగె తుప్పు పడుతుంది. ఆ మరక కాగితానికి పడుతుంది. టేపు అంటిస్తే కొన్నాళ్ళకు పసుపురంగుకు తిరుగుతుంది. కవరును మడవకుండా పుస్తకంలో పెట్టి, చెమ్మ తగలని చోట ఉంచాలి. ఏమైనా రాయాలంటే వెనక పెన్సిలుతో రాయాలి.

ఇప్పుడు ఫోన్లు వచ్చి ఉత్తరాలు తగ్గాయి. అయినా ఆఫీసుల కాగితాలు పోస్టులో వస్తూనే ఉన్నాయి. ‘ఫలానా తేదీలోగా రండి’ అన్న కాగితం గడువు దాటాక వస్తే, ఎప్పుడు పంపారో చూపడానికి కవరు మీది ముద్ర పనికొస్తుంది. ఆ కవరు పొయ్యిలో వేయకండి.

ఇంట్లో ఉన్న పాత కవరు ఒకటి తీయండి. ముద్ర మసకగా ఉంటే కవరును వెలుతురులో కాస్త వంచి చూడండి. పోస్టాఫీసు పేరు ఏమిటి? తేదీ ఎంత? మీ ఇంటికి ఎన్ని రోజులకు వచ్చింది?