రక్త కాన్సరు – కణచికిత్సకై నిరీక్షణ

రక్త కాన్సరునకు ఇచ్చు 'కార్ టి' కణచికిత్స సీసాలో సిద్ధముగా దొరకు మందు కాదు. రోగి రక్తమునుండియే టి కణములను తీసి, కాన్సరును గుర్తుపట్టు జన్యువును చేర్చి, పెంచి, తిరిగి ఆ రోగికే ఎక్కింతురు. ఐ.ఐ.టి. బొంబాయి, టాటా స్మారక కేంద్రముల కృషి ఫలమైన 'నెక్స్‌కార్ 19' ప్రయోగదశ దాటి 2023లో అనుమతి పొందినది.

హైదరాబాదులో తీసిన కణములు శంషాబాదులో విమానమెక్కి పోయినను, సిద్ధమై తిరిగి వచ్చుటకు వారములు పట్టును. అంతవరకు వ్యాధి ఆగునా? కీమోథెరపీతో దానిని అదుపున ఉంచవలెను. అందువలన తెల్లకణములు తగ్గి, స్వల్ప జ్వరమైనను ప్రమాదకరమగును. పరామర్శకు గుంపుగా పోవుట మన మర్యాద. ఉర్దూలో 'ఇయాదత్' అని దానికొక చక్కని పేరు కలదు. అయినను ఈ రోగిని వాకిటనుండి పలుకరించుటయే మేలని మేము తలంచుచున్నాము. ప్లేట్‌లెట్లు సాధారణముగా 5 దినములకు మించి నిలువ యుండవు. వచ్చిన మిత్రుడు బ్లడ్ బ్యాంకులో తన పేరు వ్రాయించి పోవచ్చును.