విడువవలసిన దారులు

గద్వాల నుండి నాగర్‌కర్నూలుకు పోదలచిన బాటసారి ఎదురైన డొంకలన్నింటినీ నడిచి చూడడు. బీచుపల్లి వద్ద కృష్ణను దాటి, పెబ్బేరు, వనపర్తి దిక్కుగా సాగుతాడు. 1970 దశకంలో కంప్యూటరుకు మనిషి మాటను గ్రహించడం నేర్పినవారు ఈ వివేకాన్నే ఆశ్రయించారు.

చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డి 1969లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ జేమ్స్ బేకర్ నిర్మించిన ‘డ్రాగన్’ వాక్యానికి సాధ్యమైన దారులన్నింటినీ లెక్కించేది. పద్ధతి నిర్దుష్టమే, కాని నడక బహు నిదానం. నాటి యంత్రాల శక్తి అల్పం. కొత్త యంత్రం కోసం ఎదురుచూడడం పరిష్కారం కాదు. రెడ్డి శిష్యుడు బ్రూస్ లోవర్ 1976లో పూర్తిచేసిన ‘హార్పీ’ వేరొక మార్గం తొక్కింది. ఉచ్చారణ, వ్యాకరణ విషయాలను ముందుగానే సుమారు 15,000 స్థితుల వలగా అల్లుకొన్నది. మాట వినేటప్పుడు అడుగడుగునా మేలైన కొద్ది దారులనే నిలుపుకొని తక్కినవాటిని త్యజించింది. వేగం పది రెట్లకు మించి పెరిగింది. 1,011 పదాల పరిధిలో అర్థగ్రహణ దోషం నూటికి 5 మాత్రమే.

అయితే ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. సరైన దారియే తొలుత బలహీనంగా తోస్తే అది కూడా తక్కినవాటితో పోతుంది, మరల చేతికి రాదు. ఎక్కువ దారులు ఉంచుకొంటే ఆలస్యం, తక్కువైతే పొరపాటు. ఆ కొలతను నిర్ణయించుటలోనే ప్రోగ్రామరు నేర్పు ఉన్నది. గురుశిష్యులు 1980లో ఈ నిర్మాణాన్ని తిరిగి వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. ‘బీమ్ సెర్చ్’ అనే ఈ పద్ధతిని తరువాతి కాలపు అనువాద యంత్రాలు కూడా స్వీకరించాయి.