తల దించుకొన్నవాడు దోషియా?

ఈ పర్యాయము పాఠమునకు మేము ఎన్నుకొన్న అంశము కొందరికి చిన్నదిగా తోచవచ్చును. మనిషి మనిషితో మాట్లాడునప్పుడు కళ్ళు ఎక్కడ నిలుపవలెను అన్నదే ఆ అంశము. దీనిని ఎందుకు తీసికొన్నామనగా, మన క్యాంపులలో పెద్దలు కూర్చుండి తగవులు విచారించునప్పుడు "వాడు తలెత్తి చూడలేకపోయాడు, అప్పుడే తెలిసిపోయింది" అను మాట తరచుగా వినబడుచున్నది. ఆ ఒక్క మాట మీద ఒక యౌవనస్థుని పేరు, ఒక ఆడపిల్ల బ్రతుకు తీర్మానమగుట కద్దు.

ముందు మన భాషనే గమనింతము. మర్యాద గల పిల్లను "తల వంచుకొని పోయే పిల్ల" అని మెచ్చుకొందుము. గర్వముగలవానికి "కళ్ళు నెత్తికెక్కాయి" అందుము. మనలను పట్టించుకొననివాడు "కన్నెత్తి చూడలేదు". అనగా చూచినను తప్పే, చూడకున్నను తప్పే! పెళ్ళిచూపులు అని పేరు పెట్టి, ఆ చూపులలో పెళ్ళికూతురు మాత్రము చూడకూడదని నిన్న మొన్నటివరకు నేర్పితిమి. సిగ్గుపడినవాడు, భయపడినవాడు, గౌరవించువాడు, దొరికిపోయినవాడు, ఈ నలుగురును నేల చూపులే చూతురు. ఎదుటివానికి దించిన తల కనబడును గాని, దించిన కారణము కనబడదు.

మన రాయచూరు జిల్లా సంగతికి వత్తము. 1953లో తుంగభద్ర డ్యాము నుండి నీళ్ళు వదలిన తరువాత, ఎడమ కాలువ క్రింద సేద్యము చేయుటకు కోస్తా జిల్లాల రైతులును, కూలి కుటుంబములును సింధనూరు, మాన్వి, గంగావతి ప్రాంతములకు వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. (గంగావతి 1997 నుండి కొప్పళ జిల్లాలోనిది.) ఇరుగుపొరుగు కన్నడిగులకును మనకును చూపు మర్యాదలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది; పెద్దల ముందు చూపు దించుట ఇక్కడ కన్నడము, తెలుగు, ఉర్దూ మాట్లాడు ఇండ్లన్నిటిలోను ఉన్నదే. కాబట్టి బడిలో మన క్యాంపు పిల్లవాడు పంతులు గారి ప్రశ్నకు తల దించి నిలబడినయెడల, అది మొండితనమనుకొనకముందు ప్రశ్న వానికి కన్నడములో అర్థమైనదో లేదో కనుగొనవలెను.

అయితే మన ఇండ్లలో దించిన తలకు మరియొక చరిత్ర కలదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన సంఘములలో చిన్నపిల్లలకు సహితము తెలియును. వారిలో అత్యధికులు మాదిగవారు. ఊరి మోతుబరి ఎదురైన యెడల చెప్పులు విడిచి, భుజము మీది తుండు తీసి, చూపు నేలకు దించి ప్రక్కకు తొలగవలసిన కాలమది. దానిని మర్యాద అని పిలుచుట మాకు ఇష్టము లేదు. అది బలవంతముగా నేర్పిన భయము. కాలువ వెంట వలస వచ్చినప్పుడు ఆ అలవాటును మూటలతో కూడ వచ్చినది. చిక్కు ఎక్కడనగా, తాత భయముతో దించిన తలనే తండ్రి మర్యాద అని కుమారునికి నేర్పెను. ఇప్పుడు ఆ రెంటిని విడదీయుట తేలిక కాదు. పెద్దవారియెదుట చూపు తగ్గించు మన్నన ఉండవలసినదే. యజమాని యెదుట కూలి లెక్క అడుగుటకు కన్నెత్తలేని స్థితి మాత్రము పోవలసినదే.

పుట్టుకతో ఈ అలవాటు రాదు. పుట్టి 2 మొదలు 5 దినములైన శిశువులు సహితము తమవైపు చూచుచున్న ముఖమునే ఎక్కువసేపు చూతురని 2002లో ఒక పరిశోధనలో తేలినది. తరువాతిదంతయు ఇల్లు నేర్పునదే. ఫిన్లాండువారికిని జపానువారికిని ముఖములు చూపగా, తమవైపు నేరుగా చూచు ముఖము జపానువారికి ఎక్కువ కోపముగా కనబడినదని 2013లో ప్రకటించిరి. అమెరికాలో తల్లి బిడ్డను "నేను మాట్లాడుతుంటే నా వైపు చూడు" అని గద్దించును. మన తల్లి "నేను మాట్లాడుతుంటే గుడ్లప్పగించి చూస్తావేంటి?" అని గద్దించును. డల్లాసు నుండి సెలవులకు వచ్చిన మనుమడు తాతయ్య కళ్ళలోనికి చూచి "నాకు వద్దు తాతయ్యా" అనినయెడల, ఆ ఇంట భోజనము సగములో ఆగిపోవును! పిల్లవాడు తనకు నేర్పిన మర్యాదనే చూపెను.

ఇక పెద్దల విచారణ సంగతి. అబద్ధమాడువానిని ఎట్లు గుర్తింతురని 58 దేశములలో అడిగి, జవాబులను 2006లో ప్రకటించిరి. నూటికి 60 మందికి పైగా చెప్పినది ఒక్కటే: వాడు చూపు తప్పించును. లోకమంతయు నమ్ము ఈ సంగతి నిజమా? బెల్లా డిపౌలో అను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తయు ఆమె సహచరులును అంతవరకు జరిగిన అనేక పరిశోధనల ఫలితములను కలిపి 2003లో చూడగా, చూపు తప్పించుటకును అబద్ధమునకును చెప్పుకోదగ్గ సంబంధము కనబడలేదు. అబద్ధము చెప్పువాడు నమ్మించుటకు తేరిపార చూడగలడు. నిజము చెప్పువాడు పదిమంది పెద్దల నడుమ బెదరిపోగలడు. లూకా 18వ అధ్యాయములో కన్నులెత్తుటకైనను ధైర్యము చాలనివాడు సుంకరి. ఆ దినము నీతిమంతుడుగా ఇంటికి వెళ్ళినది అతడే గదా. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయములోనైతే పేతురు యోహానులు శృంగారమను ద్వారము నొద్ద ఉన్న కుంటి బిచ్చగానిని తేరిచూచి, తమతట్టు చూడుమని అడిగిరి. చేయి పట్టి లేపకమునుపే అతని కన్నులను లేపిరి.

ఉద్యోగములకు బెంగళూరు, హైదరాబాదు వెళ్ళు యౌవనస్థులకు ఇది మరియొక విధముగా అడ్డు వచ్చుచున్నది. చదువు ఉన్నది, జవాబు తెలియును, చూపు మాత్రము బల్లమీదనే. ఎదుటివారు ధైర్యము లేదని వ్రాసికొందురు. దీనికి ఇంటిలోనే సాధన చేయించవచ్చును. ఎదుటివారు మాట్లాడుచున్నప్పుడు ముఖము వైపు చూచుట ముఖ్యము. తాము మాట్లాడునప్పుడు ఆలోచించుటకు చూపు ప్రక్కకు త్రిప్పుట తప్పు కాదు, అందరును చేయుదురు. కళ్ళలోనికి చూచుట కష్టమైనయెడల కనుబొమల నడుమ చూచినను చాలును. లండనులో 2016లో ప్రకటించిన పరిశోధనలో, ఎదుటివారి చూపు సగటున 3 సెకండ్లకు కొంచెము పైగా నిలిచిన హాయిగా ఉన్నదని తేలెను. అంతకంటె తేరిపార చూడనక్కరలేదు. ఫోనులో, కంప్యూటరులో ఇంటర్వ్యూ అయినప్పుడు తెరమీది ముఖమును చూచినయెడల అవతలివారికి మన చూపు క్రిందికి ఉన్నట్లు కనబడును. పైనున్న కెమెరా వైపు చూడవలెను. ఉద్యోగములు చేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్దలు శనివారము ఒక గంట ఎదురుగా కూర్చుండి ప్రశ్నలడిగిన మేలు.

ఇంట పిల్లవానిని ఏదైన గట్టిగా అడుగవలసి వచ్చినప్పుడు నలుగురిలో ఎదురుగా నిలువబెట్టకుడి. కాలువ గట్టున ప్రక్కప్రక్కన నడుచుచు, తెలుగులో, ఒక్కరే అడుగుడి. అప్పుడు ఇద్దరి చూపును నీళ్ళమీదనో పొలముమీదనో ఉండును. మాట బయటికి వచ్చుటకు వానికి కొంత వ్యవధి దొరకును.