‘సెకండ్ టు నన్’ అంటే రెండో స్థానం కాదు



ఈ సంచికకు ఇంగ్లీషు నేర్చుకొనేవారికి పనికొచ్చేది ఏదైనా రాయమని కార్యవర్గం అడిగింది. నా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాను.

మూడేళ్ళ కిందట వజీఫా దరఖాస్తులు చూసే పని నాకూ మరో ఇద్దరికీ అప్పగించారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరి దరఖాస్తుకు ప్రధానోపాధ్యాయుడి లేఖ జతచేసి ఉంది. ఆమె చదువు ‘సెకండ్ టు నన్’ అని అందులో రాశారు. మాలో ఒకాయన అది చూసి జాబితాలో ‘సెకండ్’ అని గుర్తు పెట్టారు. ఆ రోజు కాగితాలు ఎక్కువ, అసర్ నమాజుకు వేళవుతోంది. ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పిన నేను లేఖ చదవకుండానే సంతకం చేశాను. ఆ ఏడు ఉన్న డబ్బు మొదటి జాబితాకే సరిపోయింది. వారం తరవాత వాళ్ళమ్మ వచ్చి, “బడిలో మా పాప ఫస్టు సార్, మీ దగ్గర సెకండ్ ఎట్లయింది?” అని అడిగింది. అప్పుడు తీసి చదివాను.

‘నన్’ అంటే ఎవరూ కాదు. ఎవరి తరవాతా రెండోది కాదు, అంటే ఆమెను మించినవారు లేరని. ఆ ఏటి ఫీజు మేం ముగ్గురం చందా వేసుకొని కట్టాం.

అప్పటినుంచి ఆదివారం తరగతిలో ‘మించడం’ గురించిన పలుకుబళ్ళకు ప్రత్యేకంగా రెండు వారాలు కేటాయిస్తున్నాను. సర్టిఫికెట్లలో, సిఫారసు లేఖల్లో కనబడేవి ఇవే.

ముందు ‘గో వన్ బెటర్’. ఎదుటివాడు చేసినదానికన్నా ఒక మెట్టు ఎక్కువ చేయడం. ఇది పేకాట బల్ల దగ్గర పుట్టింది: అవతలివాడు కాసిన పందెంకన్నా ఎక్కువ కాయడం. పుట్టిల్లు జూదమైనా మాట ఇప్పుడు మసీదు కమిటీ సమావేశంలోనూ వాడుకోవచ్చు. మన దగ్గర దీనికి ‘సేరుకు సవాసేరు’ ఉంది. సవా అంటే ఒకటింబావు. ‘వాళ్ళ నాన్నకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు’ అని కూడా అంటాం. అయితే మన రెండు మాటల్లోనూ కాస్త ఎత్తిపొడుపు ఉంటుంది, గడుసువాడికి మించిన గడుసువాడని. ఇంగ్లీషు మాటకు ఆ మచ్చ తప్పనిసరి కాదు.

‘అవుట్‌డూ’ అంటే చేతల్లో మించిపోవడం. దీన్ని చెప్పేటప్పుడు పిల్లలకు హజ్రత్ ఉమర్ (రజి) ఉదంతమే చెబుతాను. దైవప్రవక్త (స) దానం చేయమని ఆదేశించిన రోజున, ఈరోజైనా అబూబక్ర్ (రజి)ను మించాలని ఆయన తన సంపదలో సగం తెచ్చారు. అబూబక్ర్ (రజి) ఉన్నదంతా తెచ్చారు. ఇక ఆయన్ను ఎన్నటికీ మించలేనని ఉమర్ (రజి) ఒప్పుకొన్నారు. తిర్మిజీ, అబూదావూద్ సంకలనాల్లో ఉన్న ఈ ఘట్టం చెప్పాక ‘అవుట్‌డూ’ అర్థం ఎవరికీ మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

‘హెడ్ అండ్ షోల్డర్స్ అబౌ’ అంటే ఇతరులకన్నా చాలా మెరుగు. బైబిలులో సౌలు రాజు జనంలో అందరికన్నా భుజాలపైనుంచి ఎత్తుగా ఉన్నాడని వర్ణన. మనం తాలూత్ అనే రాజు ఆయనే. ‘రెయిజ్ ది బార్’ ఎత్తు దూకే పోటీలోంచి వచ్చింది, దూకాల్సిన కర్రను ఇంకా పైకి జరపడం.

‘గో ది ఎక్స్‌ట్రా మైల్’ మూలం మత్తయి సువార్తలో ఉంది. బలవంతంగా ఒక మైలు నడిపిస్తే రెండో మైలు కూడా వెళ్ళమనే బోధ అది. చేయాల్సినదానికన్నా మనసారా ఎక్కువ చేయడమన్నమాట. నిరుడు ఒక కుర్రాడు, నిద్రపోవడంవల్ల తన బస్సు పీలేరు దాటి ఎక్స్‌ట్రా మైల్ వెళ్ళిందని రాశాడు. నవ్వొచ్చినా మార్కు వేయలేదు.

‘కీపింగ్ అప్ విత్ ది జోన్సెస్’ అమెరికాలో 1913లో మొదలైన ఒక బొమ్మల కథ పేరు. పక్కింటివాళ్ళకు తీసిపోకూడదని తాపత్రయపడే కుటుంబం కథ. ఇది మించడం కాదు, వెనకబడతామేమోనన్న భయం. మన షాదీమహళ్ళలో దీనికి తర్జుమా అక్కర్లేదు.

ఇక తన్ను తానే మించడం. ‘అవుట్‌డూ వన్‌సెల్ఫ్’ అంటే ఇంతకుముందు తాను చేసినదానికన్నా బాగా చేయడం. ‘అవుట్’ కనబడగానే క్రికెట్‌లో వికెట్ పోయిందనుకుంటారు మనవాళ్ళు. అందుకే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ అంకెలు బోర్డుమీద వేస్తాను. 2022 మే 10న సైప్రస్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.23 సెకన్లలో ముగించి, 2002 నుంచి ఉన్న 13.38 జాతీయ రికార్డును దాటింది. అక్కడితో ఆగలేదు. అదే నెలలో 13.11, తరవాత 13.04. అక్టోబరులో 12.82. మరుసటి ఏడు చైనాలోని చెంగ్డూలో 12.78. మొదటిసారి ఆమె దాటింది మరొకరి రికార్డును, ఆ తరవాతవన్నీ తనవే. ఆటలవాళ్ళు ‘పర్సనల్ బెస్ట్’ అనేది ఇలాంటి అంకెనే. ఆఖరున వచ్చినవాడికి కూడా అది దొరకవచ్చు కనుక నా తరగతిలో పిల్లలకు అన్నిటికన్నా నచ్చిన మాట అదే.

ఒక హెచ్చరిక. చేతిలోని గిన్నె జారి పగిలినప్పుడు ఎవరైనా ‘యూ హ్యావ్ అవుట్‌డన్ యువర్‌సెల్ఫ్’ అంటే థాంక్యూ చెప్పకండి.

ఈ మాటతో సొంత వాక్యం రాసుకురమ్మని రంజాన్ సెలవుల్లో ఇంటిపని ఇచ్చాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఇలా రాశాడు: ‘మై మదర్ హ్యాజ్ అవుట్‌డన్ హర్‌సెల్ఫ్ విత్ దిస్ ఇయర్స్ షీర్ ఖుర్మా.’ పదికి పది వేశాను. మర్నాడు వాళ్ళమ్మ ఒక డబ్బా పంపింది. వాక్యంలో తప్పేమీ లేదు.